1యూ క్యూబ్‌శాట్‌లో సోలార్ ప్యానెల్ మీదే ఎస్-బ్యాండ్ యాంటెన్నా: జాలీ ప్యాచ్ మేలా, స్లాట్ మేలా?

ప్రశ్న: చిరుగ్రహం_హనుమకొండ

అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మా బృందం ఒక 1యూ క్యూబ్‌శాట్ (సుమారు 10 సెంటీమీటర్ల ఘనంలా ఉండే చిన్న ఉపగ్రహం) నమూనాను తయారు చేస్తోంది. ప్రయోగ అవకాశం ఇంకా చేతికి రాలేదు. అది వచ్చిన రోజున డిజైన్ మళ్లీ మొదటికి రాకూడదన్న ఉద్దేశంతో, 500 కిలోమీటర్ల ఎత్తులోని కక్ష్య అనుకొని లెక్కలన్నీ వేసుకుంటున్నాం. ప్రస్తుతం మాకు చోటు దగ్గర చిక్కు వచ్చింది.

ఉపగ్రహం అడ్డుకొలత 10 సెంటీమీటర్లే అయినా, డిస్పెన్సర్‌లో (కక్ష్యలో ఉపగ్రహాన్ని వదిలే పెట్టెలో) జారే రైళ్లకు, అంటే మూలల్లోని లోహపు పట్టాలకు, ఒక్కొక్క అంచున 8.5 మిల్లీమీటర్లు పోగా ప్యానెల్‌కు మిగిలే వెడల్పు 8.3 సెంటీమీటర్లు. 8 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు గల ట్రిపుల్ జంక్షన్ (మూడు పొరల) సోలార్ సెల్‌లు రెండు పక్కపక్కన పెడితే ఆ వెడల్పు నిండిపోతుంది. మా పేలోడ్ లోపలే ఉండే రేడియేషన్ సెన్సార్ కనుక కెమెరాకు కిటికీ అక్కరలేదు. కావాలనుకుంటే ఆరు ముఖాలకూ సెల్‌లు అతికించవచ్చు. ఆదేశాలు అందుకోవడానికీ బీకన్‌కూ (ఉపగ్రహం తన ఉనికిని తెలుపుతూ పంపే సంకేతానికీ) 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసే యాంటెన్నాను స్టీలు కొలత టేపుతో చేస్తున్నాం; అది కక్ష్యలో మడత విప్పుకుంటుంది. డేటా దించడానికి మాత్రం 2.4 గిగాహెర్ట్జ్ (ఎస్-బ్యాండ్) దగ్గర మరో యాంటెన్నా కావాలి. మొదటి ప్రణాళికలో అడుగు ముఖాన్ని సెల్‌లు లేకుండా పూర్తిగా ఒక ప్యాచ్‌కు (చదునైన రాగి పలక యాంటెన్నాకు) వదిలేశాం.

అలా ఒక ముఖం మొత్తం పోగొట్టుకోవడం మాలో కొందరికి నచ్చలేదు. సోలార్ సెల్ మీదే కూర్చునే యాంటెన్నాల గురించి చదివాక మాకు మూడు దారులు కనిపించాయి. సెల్ పైన సన్నని రాగి గీతల జాలీతో ప్యాచ్ గీయడం ఒకటి. ఐటీవో వంటి పారదర్శక వాహక పూతతో ప్యాచ్ చేయడం మరొకటి. సెల్‌ల జోలికి పోకుండా ప్యానెల్ బోర్డు రాగిలో సన్నని స్లాట్ (చీలిక) కోసి దాన్నే యాంటెన్నాగా వాడడం మూడోది. జాలీ ప్యాచ్‌ను సిమ్యులేట్ చేస్తే, గీత వెడల్పు 0.1 మిల్లీమీటరు, గీతల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు పెట్టినప్పుడు వెలుతురు సుమారు 10 శాతం ఆగుతోంది. గెయిన్ (యాంటెన్నా ఒక దిశలో సంకేతాన్ని ఎంత బలంగా పంపుతుందన్న కొలత) మామూలు ప్యాచ్ కంటే 2 డెసిబెల్‌లు తగ్గుతోంది. రెండు డెసిబెల్‌లంటే మూడో వంతుకు మించిన శక్తి వృథా కావడమేనని, దానికంటే ఒక ముఖాన్ని వదులుకోవడమే నయమని ఒక మిత్రుడి వాదన. విద్యుత్తు చాలనప్పుడు యాంటెన్నా ఎంత బాగుంటే ఏం లాభమని మరొకరి వాదన.

దిశ నియంత్రణకు రైళ్ల దిశలో ఒక శాశ్వత అయస్కాంతం, ఊగిసలాటను తగ్గించే హిస్టెరిసిస్ కడ్డీలు తప్ప మా దగ్గర మరేమీ లేవు. ఇంకో సందేహం కూడా ఉంది. సిమ్యులేషన్‌లో సోలార్ సెల్‌ను మేము ఒక రాగి రేకుగా భావించాం. అది ఎంతవరకు సరైనది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: కరీంనగర్_భౌతికం

ముందుగా ఐటీవో సంగతి తేల్చుకోవచ్చు. ల్యాబులో దొరికే ఐటీవో గాజుకు చదరానికి 10 ఓమ్‌ల ప్రాంతంలో నిరోధం ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద రాగి ఉపరితల నిరోధం లెక్క కడితే చదరానికి దాదాపు 0.013 ఓమ్ వస్తుంది. అంటే మీరు రాగి స్థానంలో దానికి సుమారు 800 రెట్లు నిరోధం ఉన్న పదార్థాన్ని పెడుతున్నారన్నమాట. ఆ పౌనఃపున్యంలో విద్యుత్ ప్రవాహం రాగిలో ఒకటిన్నర మైక్రాన్ల లోపు మందంలోనే సర్దుకుంటుంది. ఐటీవోలో అయితే పది మైక్రాన్లకు పైగా మందం కావాలి, కానీ పూత ఉండేది మైక్రాన్‌లో ఐదో వంతు. ప్యాచ్ యాంటెన్నాలో ప్రవాహాలు బలంగా ఉంటాయి కనుక మీరు పంపిన శక్తిలో పెద్ద భాగం ఆ పూతను వేడెక్కించడానికే సరిపోతుంది.

పూత మందం పెంచితే నిరోధం తగ్గుతుంది కదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. అలా పెంచినప్పుడు ముందుగా పరారుణ కాంతి ఆగిపోతుంది. మీరు వాడే ట్రిపుల్ జంక్షన్ సెల్‌లో అడుగు పొర జెర్మేనియం. ఆ పరారుణ భాగాన్ని గ్రహించేది అదే. పై రెండు పొరలతో పోలిస్తే దానిలో ప్రవాహం సాధారణంగా మిగులుగానే ఉంటుంది కాబట్టి కొద్దిపాటి నష్టాన్ని సెల్ తట్టుకుంటుంది. ఈ సంగతి చాలామంది గమనించరు. అయితే రాగికి దగ్గరగా వచ్చేంత మందం చేరేసరికి కనిపించే కాంతి కూడా తగ్గడం మొదలవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ ప్యాచ్‌కు ఐటీవోను పక్కన పెట్టమనే నా సలహా. పారదర్శకత కావాలంటే జాలీయే దారి. అందులో గీత గీతా అసలైన లోహం, ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

జవాబు: పాత_వైరింగ్

ఉపగ్రహాల సోలార్ ప్యానెళ్ల వైరింగ్‌లో కొన్నేళ్లు పనిచేసినవాడిని కనుక కొంచెం విస్తరించి రాస్తున్నాను. రెండు డెసిబెల్‌లు పెద్దవా, ఒక ముఖం పెద్దదా అన్న మీ వాదన లెక్కతో తేలిపోయేదే. ముందు ఆ లెక్క చూద్దాం. దాని తర్వాత అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది.

రెండు సెల్‌ల వైశాల్యం సుమారు 60 చదరపు సెంటీమీటర్లు. అంతరిక్షంలో సూర్యకాంతి చదరపు మీటరుకు 1361 వాట్లు. సెల్ సామర్థ్యం 29 శాతం అనుకుంటే, ఎండ నిటారుగా పడిన ముఖం సుమారు 2.4 వాట్లు ఇస్తుంది. అన్ని దిశల్లోనూ సమానంగా దొర్లే ఘనం ఎండకు చూపించే సగటు వైశాల్యం దాని మొత్తం ఉపరితలంలో నాలుగో వంతు, అంటే ఒకటిన్నర ముఖాలు. కాబట్టి ఎండలో సగటున 3.6 వాట్లు. మీ ఎత్తులో ఒక ప్రదక్షిణకు పట్టే 95 నిమిషాల్లో దాదాపు 35 నిమిషాలు భూమి నీడలో గడుస్తాయి కనుక మొత్తం మీద సగటు 2.3 వాట్లకు దిగుతుంది. ఇందులో ఆరో వంతు వదులుకుంటే పోయేది దాదాపు 0.38 వాట్. అయస్కాంతంతో కట్టిపడేసిన ఉపగ్రహం నిజంగా అన్ని దిశల్లో దొర్లదు కనుక ఈ అంకెలు కొంత అటూఇటూ అవుతాయి. నిర్ణయం మాత్రం మారదు.

ఇప్పుడు జాలీ వైపు చూడండి. ఒక ముఖం మీద 10 శాతం నీడ అంటే సగటున 0.04 వాట్ నష్టం. రెండు డెసిబెల్‌ల లోటు పూడ్చడానికి ఒక వాట్ ట్రాన్స్‌మిటర్‌ను 1.6 వాట్‌లకు పెంచాలి. యాంప్లిఫయర్ సామర్థ్యం మూడో వంతు అనుకుంటే బ్యాటరీ నుంచి అదనంగా 1.75 వాట్లు లాగాలి. కానీ ఆ లాగుడు ఉపగ్రహం మీ గ్రౌండ్ స్టేషన్‌కు కనిపించే కాసేపే ఉంటుంది. రోజుకు మొత్తం 40 నిమిషాలు డేటా దించుతారనుకుంటే, రోజు సగటులో అది 0.05 వాట్ మాత్రమే. రెండూ కలిపినా 0.09 వాట్, ముఖం వదులుకుంటే పోయే దానిలో నాలుగో వంతు. సోలార్ సెల్ ఎండ ఉన్నంతసేపూ పనిచేస్తుంది, డేటా ట్రాన్స్‌మిటర్ రోజులో కొద్దిసేపే పనిచేస్తుంది. అందుకే డెసిబెల్‌లు అంత చౌకగా కనిపిస్తున్నాయి. ఎస్-బ్యాండ్‌లోనే నిరంతరం బీకన్ పంపే ఉపగ్రహమైతే ఈ లెక్క తిరగబడేది. మీ బీకన్ 435 మెగాహెర్ట్జ్‌లో ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. డేటా దించేటప్పుడు బ్యాటరీ మీద అదనంగా పడే అర ఆంపియర్ భారాన్నీ, యాంప్లిఫయర్ వేడినీ మాత్రం విడిగా చూసుకోవాలి.

ముఖ్యమైన విషయం అన్నది ఇదీ. మీరు ప్యాచ్‌కు వదిలిన అడుగు ముఖం అసలు భూమి వైపు చూస్తుందా? మీ అయస్కాంతం రైళ్ల దిశలో ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశం దక్షిణ కొసకు దగ్గరగా వెళుతుంది. వరంగల్ మీద అయస్కాంత క్షేత్రం ఉత్తరం వైపు తిరిగి, 20 డిగ్రీలకు కాస్త అటూఇటూగా మాత్రమే కిందికి వాలి ఉంటుంది. మీ ఉపగ్రహం మన నెత్తి మీదికి వచ్చేసరికి దాని రైళ్లు దాదాపు అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా పడుకొని ఉంటాయి. అడుగు ముఖం గానీ పై ముఖం గానీ చూసేది దిగంతం వైపే. 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి భూమి అంచు సైతం అడ్డదిశకు 22 డిగ్రీలు కిందుగా కనిపిస్తుంది. అంటే ఆ ప్యాచ్ కిరణ మధ్యరేఖ భూమి అంచును తాకుతూ పోతుంది. ఉపగ్రహం దూరంగా ఒక పక్కన ఉన్నప్పుడు సంకేతం అందుతుంది. నెత్తి మీద, దూరం అతి తక్కువగా ఉన్న మంచి సమయంలో ప్యాచ్ పక్క చూపులు చూస్తుంది. ఇదే ఉపగ్రహం ఉత్తర ఐరోపా మీద అయితే క్షేత్రం దాదాపు నిలువుగా ఉంటుంది కనుక అడుగు ముఖం చక్కగా కిందికి చూసేది. అక్కడి బృందాల డిజైన్‌లను చూసి మనం ముఖాన్ని ఎంచుకుంటే వచ్చే చిక్కు ఇది.

మీకు కావలసినవి పక్క ముఖాలు. అయస్కాంతం రైళ్ల అక్షాన్ని మాత్రమే పట్టి ఉంచుతుంది. ఆ అక్షం చుట్టూ ఉపగ్రహం నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. ఒక పక్క ముఖం మీద మాత్రమే యాంటెన్నా ఉంటే సగం సమయం అది ఆకాశం వైపు చూస్తుంది. ఎదురెదురు ముఖాల మీద రెండు ఉంటే దాదాపు ఎప్పుడూ ఏదో ఒకటి కిందికి ఉంటుంది. సెల్‌లు తీసేసి రెండు ముఖాలు వదలడం మీ వల్ల అయ్యే పని కాదు. యాంటెన్నానూ సెల్‌లనూ ఒకే ప్యానెల్‌లో ఇమిడ్చితే వచ్చే అసలు లాభం ఇక్కడే ఉంది. ఆ 0.3 వాట్ మిగులును పెద్దగా పట్టించుకోనక్కరలేదు; ఎన్ని ముఖాల మీదైనా యాంటెన్నా పెట్టుకునే స్వేచ్ఛ దొరకడం పెద్ద విషయం.

ఇక జాలీయా, స్లాటా. మీ సిమ్యులేషన్‌లో జాలీకీ సెల్‌కూ మధ్య ఏమి పెట్టారో రాయలేదు. సెల్ మీద ఉండే కవర్ గ్లాస్ మందం సాధారణంగా 100 మైక్రాన్లు. గ్రౌండ్‌కు అంత దగ్గరగా ఉన్న ప్యాచ్ ప్రసరించేది బహు స్వల్పం. మీ 2 డెసిబెల్‌ల అంకె రావాలంటే మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల పారదర్శక పలక ఉండి తీరాలి. అది క్వార్ట్జ్ అయితే 8 సెం.మీ. చతురస్రానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో 20 గ్రాములు దాటుతుంది. ప్రయోగ సమయంలోని కంపనాలకు అంత గాజు పగలకుండా చూడడం వేరే ప్రాజెక్టు. గీతలను వెండితో ముద్రించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఆ ఎత్తుల్లో ఉండే పరమాణు ఆక్సిజన్ బయటికి తెరిచి ఉన్న వెండిని తినేస్తుంది.

నీడ గురించి కూడా ఒక మాట. మీ జాలీ రెండు సెల్‌ల మీద సమానంగా పరుచుకుంటే 10 శాతం నష్టం 10 శాతంగానే ఉంటుంది. ప్యాచ్ చిన్నదై ఒకే సెల్ మీద పడితే, శ్రేణిలో కలిపిన రెండు సెల్‌లలో తక్కువ వెలుతురు అందిన దాని ప్రవాహమే రెండింటినీ శాసిస్తుంది. ఇంటి మీద సోలార్ ప్యానెల్‌కు చింతకొమ్మ నీడ ఒక మూలన పడితే మొత్తం ఉత్పత్తి పడిపోవడం మీరు చూసే ఉంటారు, ఇదీ అదే. మధ్యలో గట్టి రాగి ప్యాచ్ చిన్నది పెట్టి సర్దుకుందామనుకునేవారు తరచూ ఇక్కడే దెబ్బతింటారు.

అందుకే నేను స్లాట్ వైపు మొగ్గుతాను. మీ డ్రాయింగ్‌లో ఒక చోటు వృథాగా ఉన్నట్టుంది. 1యూ ఉపగ్రహం కచ్చితమైన ఘనం కాదు; రైళ్ల దిశలో దాని ఎత్తు 113.5 మిల్లీమీటర్లు. పక్క ప్యానెల్ వెడల్పు 8.3 సెం.మీ. అయినా ఎత్తు 10 సెం.మీ. దాకా దొరుకుతుంది. సెల్‌లు 8 సెం.మీ. తీసుకుంటే పైనా కిందా ఒక్కో సెంటీమీటరు పట్టీ మిగులుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 12.5 సెం.మీ.; సగం అంటే 6 సెం.మీ. పైచిలుకు. బోర్డు పదార్థం వల్ల స్లాట్ ఇంకా కురచ అవుతుంది. ఆ పై పట్టీలో అడ్డంగా ఒక మిల్లీమీటరు వెడల్పు స్లాట్ హాయిగా పడుతుంది. వెనక పొర రాగిని అలాగే ఉంచి, చుట్టూ వయాల (బోర్డు పొరలను కలిపే లోహపు రంధ్రాల) వరుసతో మూసేస్తే బోర్డు మందమే స్లాట్ వెనక గదిగా పనిచేస్తుంది, ప్రసారం లోపలి బోర్డుల మీదికి పోదు. సెల్ మీద నీడ సున్నా. బ్యాండ్‌విడ్త్ సన్నగా ఉంటుంది, నిజమే; కానీ కొద్ది మెగాహెర్ట్జ్‌లకు మించి మీకు అక్కరలేదు కదా.

ఈ దారులేవీ కొత్తవి కావు. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో రేహాన్ బక్తూర్ బృందం క్యూబ్‌శాట్ ప్యానెళ్ల కోసం స్లాట్‌నూ జాలీనీ రెండింటినీ పరిశోధించింది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో అంతకు ముందే ప్యాచ్‌ల మీద అమార్ఫస్ సిలికాన్ సెల్‌లు పరిచి చూశారు. 2017 నవంబరులో నాసా పంపిన 3యూ (1యూకు మూడింతల పొడవున్న) ఉపగ్రహం ఇసారా మరో పద్ధతి పట్టింది: విచ్చుకునే మూడు ప్యానెళ్లకు ముందు వైపు సెల్‌లు, వెనక వైపు 26 గిగాహెర్ట్జ్ రిఫ్లెక్టరే. వెనక అచ్చు వేసిన వందలాది చిన్న ప్యాచ్‌లు, ఒక్కొక్కటీ కొద్దిగా వేరు కొలతలో ఉండి, ఫీడ్ (తరంగాన్ని వాటి మీదికి పంపే చిన్న యాంటెన్నా) నుంచి వచ్చిన తరంగాన్ని ఒకే దిశకు తిప్పుతాయి. సెకనుకు 9.6 కిలోబిట్ల స్థాయి నుంచి 100 మెగాబిట్ల స్థాయికి చేరడం దాని లక్ష్యం. అక్కడ వెనకా ముందూ అన్న ఏర్పాటు బాగా కుదిరింది, ఎందుకంటే భూమి ఒక వైపు, సూర్యుడు మరో వైపు ఉండే సమయం కక్ష్యలో చాలా ఉంటుంది. అయితే దానికి కచ్చితమైన దిశ నియంత్రణ కావాలి; 11.5 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యంలో ప్యానెల్ కొద్దిగా వంగినా కిరణం చెదురుతుంది. మరుసటి ఏడాది అంగారకుడి దాకా వెళ్లిన మార్కో అనే నాసా క్యూబ్‌శాట్‌ల జంటలో రిఫ్లెక్టరేను, సోలార్ ప్యానెళ్లను విడివిడిగానే ఉంచారు. అయస్కాంతం ఒక్కదానితో తిరిగే 1యూకు ఈ రెండూ దూరపు చుట్టాలు.

చిరుగ్రహం_హనుమకొండ

పాత_వైరింగ్ గారికీ కరీంనగర్_భౌతికం గారికీ ధన్యవాదాలు. అయస్కాంత క్షేత్రం వాలు గురించి మేము ఆలోచించనే లేదు. ముఖాల ఎంపిక మళ్లీ చేస్తాం. ఐటీవోను పక్కన పెట్టేశాం. ఎదురెదురు ముఖాల మీద రెండు స్లాట్‌లు పెడితే, వాటిని ఒక స్ప్లిటర్‌తో కలిపి ఒకేసారి ప్రసారం చేయాలా, లేక స్విచ్ పెట్టాలా? సెల్‌ను రాగి రేకుగా భావించడం గురించిన మా ప్రశ్న కూడా అలాగే ఉంది. యానెకోయిక్ చాంబర్ (తరంగాలు గోడల నుంచి తిరిగి రాని కొలత గది) మాకు అందుబాటులో లేదు. నానోవీఎన్ఏ (యాంటెన్నా ట్యూనింగ్‌ను కొలిచే చిన్న పరికరం) మాత్రం ఉంది.

జవాబు: రామగుండం_తరంగం

హామ్ రేడియో వాడిగా కొలతల గురించి మాత్రం చెప్పగలను.

సెల్ రాగి రేకు కాదు. వెనక వైపు కాంటాక్ట్ పూర్తి లోహం కనుక గ్రౌండ్‌గా అది బాగానే పనిచేస్తుంది. పైన మాత్రం సన్నని లోహపు వేళ్లు ఒకే దిశలో, వాటిని కలిపే బస్‌బార్ ఒక అంచున, మధ్యలో అర్ధవాహకం ఉంటాయి. జాలీ ప్యాచ్ సెల్ పైనే కూర్చుంటే ఈ వేళ్ల దిశ, ప్యాచ్‌లోని ప్రవాహ దిశ ఒకటేనా అడ్డమా అన్నది ఫలితాన్ని మారుస్తుంది. అంచు పట్టీలోని స్లాట్‌కు ఆ బాధ తక్కువ. అయినా సెల్ జంక్షన్‌కు ఉండే కెపాసిటెన్స్ వెలుతురును బట్టి, లోడును బట్టి మారుతుంది కాబట్టి ఒక్క స్థితిలో కొలిచి సరిపోయిందనుకోకండి. మొదట సెల్ లేని బోర్డుతో, తర్వాత సెల్ అతికించి నల్లగుడ్డ కప్పి, ఆ తర్వాత ఎండలో లోడు లేకుండా, చివరగా ఎండలో లోడుతో ఎస్11 (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే శక్తి) కొలవండి. నాలుగు వక్రరేఖలూ ఒకే కాగితం మీద గీసి చూడండి. వక్రరేఖలోని గొయ్యి (యాంటెన్నా ట్యూన్ అయిన చోటు) కొద్ది మెగాహెర్ట్జ్‌లకు మించి జరిగితే, సెల్ తీగలలోకి రేడియో శక్తి చొరబడుతోందని అర్థం. తీగలు బోర్డు విడిచే చోట చోక్ (రేడియో శక్తిని అడ్డుకునే భాగం) పెట్టి మళ్లీ కొలవాలి.

హాలోజన్ దీపంతో వెలుతురు ఇవ్వకండి. నిమిషాల్లో బోర్డు వేడెక్కి, జరిగింది వెలుతురు వల్లా వేడి వల్లా అన్నది తేలదు. మన ప్రాంతంలో ఎండకేమీ కొదవ లేదు. మే నెల మధ్యాహ్నం మాత్రం వద్దు. మా రామగుండంలో ఆ సమయంలో ఎండలో ఉన్న ప్యానెల్‌ను చేత్తో ముట్టుకోలేం. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున పదకొండు ప్రాంతంలో ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు డాబా మీద చేయండి. జాలీని కూడా పోల్చి చూడాలనుకుంటే ఖరీదైన సెల్‌ను పాడు చేయకుండా, మామూలు సిలికాన్ సెల్ మీద రాగి జాలీ గాజు పెట్టి, తీసి, పెట్టి, తీసి షార్ట్ సర్క్యూట్ ప్రవాహాన్ని వెంటవెంటనే రాసుకోండి. మధ్యలో మేఘం వచ్చిందా లేదా అన్నది తీసిన ప్రతిసారీ వచ్చే అంకె నిలకడే చెబుతుంది.

రేడియేషన్ సరళికి చాంబర్ లేకపోయినా ఫరవాలేదు. ఖాళీ మైదానంలో రెండు కర్ర స్తంభాలు చాలు. ఒక దాని మీద నమూనా ఉపగ్రహాన్ని రైళ్లతో సహా, కొలత టేపు యాంటెన్నా విప్పిన స్థితిలో నిలపాలి. లోపల బ్యాటరీతో నడిచే చిన్న సిగ్నల్ మూలం పెట్టండి. బయటి నుంచి కేబుల్ తీసుకెళితే ఆ కేబుల్ కూడా ప్రసరించి కొలతను చెడగొడుతుంది. ఇంత చిన్న వస్తువుతో ఆ ప్రభావం తక్కువేమీ కాదు. ఎంత శక్తి వస్తుందో తెలిసిన ఒక మామూలు డైపోల్‌ను అదే చోట పెట్టి పోల్చుకుంటే గెయిన్ ఒక డెసిబెల్ తేడాతో తెలుస్తుంది.

ఒక మనవి. ఎస్-బ్యాండ్ యాంటెన్నాలో పడి 435 వైపు మరిచిపోవద్దు. సోలార్ ప్యానెల్ వెంట ఉండే ఎంపీపీటీ (సెల్‌ల నుంచి గరిష్ఠ శక్తిని రాబట్టే) కన్వర్టర్ల స్విచింగ్ శబ్దం ప్యానెల్ తీగల్లోకి ఎదురు పారుతుంది. ఆ తీగలే చిన్న యాంటెన్నాలై మీ రిసీవర్ పక్కనే కూర్చుంటాయి. ప్యానెళ్లు ఎండలో ఉండగా, కన్వర్టర్ నడుస్తుండగా రిసీవర్ శబ్దస్థాయి ఎంత పెరుగుతోందో ముందే చూసుకోండి. ఆదేశాలు వినబడని ఉపగ్రహానికి డేటా యాంటెన్నా ఉండి ప్రయోజనం లేదు.

జవాబు: పాత_వైరింగ్

రామగుండం_తరంగం గారు చెప్పిన శబ్దం సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. దానికి తోడు వైరింగ్‌లో ఒక పేచీ ఉంది. ప్యానెల్‌లో ప్రవహించే కరెంటు ఒక చుట్టుగా తిరిగితే అదే అయస్కాంతమై ఉపగ్రహాన్ని తిప్పాలని చూస్తుంది. అందుకే తిరుగు తీగను సెల్‌ల కిందుగా, వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్లడం మా అలవాటు. మీరు అయస్కాంతంతోనే దిశ నిలుపుతున్నారు కనుక ఇది తప్పదు. స్లాట్ ఫీడ్ లైను కూడా అదే పొరలో వెళ్లాలనుకుంటే రెండూ కొట్టుకుంటాయి. సెల్ తీగలన్నీ కింది పట్టీ నుంచి బయటికి తీసుకెళ్లండి, పై పట్టీ పూర్తిగా స్లాట్‌కే వదలండి. ఏ తీగా స్లాట్‌ను దాటకూడదు. దాటితే ట్యూనింగ్ ఎక్కడ నిలుస్తుందో చెప్పలేం.

స్ప్లిటరా స్విచ్చా అంటే స్విచ్ పెట్టండి. ఒకే సంకేతాన్ని రెండు ఎదురు ముఖాల నుంచి పంపితే, రెండూ సమానంగా కనిపించే పక్క దిశల్లో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకొని అక్కడక్కడా గుంటలు పడతాయి. పైగా సగం శక్తి ఎప్పుడూ ఆకాశం పాలవుతుంది. స్విచ్‌లో పోయేది అర డెసిబెల్ ప్రాంతంలోనే. ఏ ముఖం కిందికి ఉందో తెలుసుకోవడానికి ప్యానెల్ కరెంట్లు చూసి మోసపోకండి, అవి సూర్యుడి దిశను చెబుతాయే తప్ప భూమి దిశను కాదు. మీ రేడియో ఎస్-బ్యాండ్‌లో వినగలిగేదైతే, గ్రౌండ్ స్టేషన్ నుంచి చిన్న సంకేతం పంపుతూ రెండు ముఖాల్లో ఏది బలంగా వింటే దాని నుంచే జవాబు ఇచ్చేలా ప్రోగ్రాం రాసుకోవచ్చు. వినలేనిదైతే కొన్ని సెకన్లకోసారి ముఖం మారుస్తూ, ప్రతి ప్యాకెట్‌నూ రెండు వైపుల నుంచీ పంపడమే తేలిక. డేటా వేగం సగమవుతుంది, కానీ రేడియేషన్ సెన్సార్ రోజంతా పోగుచేసే అంకెలకు అది చాలా ఎక్కువే.

స్లాట్ ప్రసారం ఒకే దిశలో కంపించే రకం కనుక గ్రౌండ్ వైపు వృత్తాకార ధ్రువణం ఉన్న యాంటెన్నా వాడండి. 3 డెసిబెల్‌లు పోయినా ఉపగ్రహం ఎటు తిరిగినా సంకేతం మాయం కాదు. లింక్ బడ్జెట్‌లో (సంకేతం లాభనష్టాల లెక్కలో) ఆ 3 డెసిబెల్‌లను ఇప్పుడే రాసేయండి. దిగంతానికి 10 డిగ్రీల ఎత్తులో ఉపగ్రహం దాదాపు 1700 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, మార్గనష్టం 165 డెసిబెల్‌లకు చేరుతుంది. నెత్తి మీద ఉన్నప్పటి 154తో లెక్క వేసుకొని సంతోషపడేవారు ఎక్కువ.

ప్యానెల్ బోర్డు ఫైల్ తయారీకి పంపే ముందు రైళ్లను కూడా మోడల్‌లో పెట్టి స్లాట్‌ను మరోసారి సిమ్యులేట్ చేయండి. స్లాట్ కొసకూ రైలుకూ మధ్య మీకు సెంటీమీటరు పైచిలుకు మాత్రమే ఉంది. పౌనఃపున్యం జరిగితే కొస దగ్గర రాగిని గోకి పొడవు పెంచుకోవచ్చు కానీ తగ్గించలేరు. కాబట్టి మొదటి బోర్డులో స్లాట్‌ను లెక్క కంటే ఒక మిల్లీమీటరు కురచగానే కోయించండి.